మెచ్చుకుంటే వచ్చే విలువా, మనమీద మనకుండే దయా?

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, కోరికకో రొట్టె మార్చుకునే రొట్టెల పండుగలో చదువు రొట్టె ఉంది, ఉద్యోగం రొట్టె ఉంది. ‘నేను చాలు’ అనే రొట్టె మాత్రం నాకు కనబడలేదు.

మేం పెరిగింది మొదటి దారిలోనే, ఎవరైనా మెచ్చుకుంటేనే విలువ అనే దారిలో. ఇంటర్‌లో మార్కులొచ్చిన రోజు అమ్మ నెయ్యి కారం దోసె వేసింది. లెక్కలు తప్పిన రోజు కంచం పెట్టి, మాట్లాడకుండా లోపలికెళ్ళిపోయింది. బాస్ ముఖం ముడుచుకుంటే ఇప్పటికీ ఆ కంచమే గుర్తొస్తుంది. ఇలా వచ్చే విలువ ఊపునిస్తుంది, కాదనను. కానీ మళ్ళీ రిజల్ట్ వచ్చేదాకానే.

రెండోది స్వీయ కరుణ. దీన్ని కొలిచే స్కేలును మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో ప్రచురించారు. తప్పు ఒప్పుకుంటూనే స్నేహితురాలితో మాట్లాడినట్టు మనతో మాట్లాడుకోవడం. బద్ధకం వస్తుందంటారు గానీ, ఓడిన రోజు నాకు పనికొచ్చింది ఇదే. నిన్న పాలు పొంగిపోతే ‘ఏం కాదులే’ అనుకున్నాను. పైకి అనడానికి ఇంకా సిగ్గే.