సూర్యుణ్ణి కొడతానన్న మాటా, భయపడేవాడే కావాలన్న మాటా? మెల్విల్‌లో ఏది మేలు?

అమెరికన్ నవలాకారుడు హెర్మన్ మెల్విల్ పేరుతో వాట్సాప్‌లో తరచూ తిరిగే మాట ఒకటుంది: మనం మన కోసమే బతకలేం, వెయ్యి దారాలు మనల్ని తోటి మనుషులతో కలుపుతాయి అని. అది ఆయనది కాదు. హెన్రీ మెల్విల్ అనే ఇంగ్లండ్ మతగురువుది. దాన్ని ముందే పక్కన పెడదాం.

ఇంకొకటి నిజంగా ఆయనదే. అనుకరించి గెలవడం కన్నా సొంతంగా ప్రయత్నించి ఓడిపోవడమే మేలని 1850లో, తోటి రచయిత హాథార్న్ మీద రాసిన వ్యాసంలో అన్నాడు. మరుసటి ఏడాదే తిమింగలాల వేట మీద ఆయన నవల 'మోబీ డిక్' వచ్చింది, సరిగా అమ్ముడుపోలేదు. తర్వాత 1866 నుంచి 19 ఏళ్లు న్యూయార్క్ రేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాడు. ఆ మాటకు ఇంత మూల్యం చెల్లించిన మనిషి కాబట్టి నాకు గౌరవం. కానీ అది ముఖ్యంగా రాసేవాళ్లకు పనికొచ్చే మాట.

అందరికీ పనికొచ్చేవి 'మోబీ డిక్'లోనే రెండున్నాయి. వేట ఓడ కెప్టెన్ అహాబ్ అంటాడు: "నన్ను అవమానిస్తే సూర్యుణ్ణైనా కొడతాను." అతని కింద పనిచేసే స్టార్‌బక్ అంటాడు: "తిమింగలం అంటే భయం లేనివాణ్ణి నా పడవ ఎక్కనివ్వను."

మొదటిసారి చదివినప్పుడు నేను అహాబ్ మాటకే పడిపోయాను. ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. కానీ అది ఏ సందర్భంలో వచ్చిందో చూడండి. తన కాలు తీసేసిన తెల్ల తిమింగలం మీద పగతో అహాబ్ ఓడనంతా దాని వెంట మళ్లిస్తున్నాడు. నోరులేని జీవి మీద పగేమిటి, ఇది పిచ్చి అని స్టార్‌బక్ అడ్డుపడితే వచ్చిన జవాబు అది. చివరికి ఆ ఓడలో బతికి బయటపడింది ఒక్కడే.

స్టార్‌బక్‌ను పిరికివాడనుకునే ముందు ఆ పడవలోకి తొంగిచూడాలి. వేటకు ఓడ నుంచి దించే, ఆరుగురు పట్టే చిన్న పడవ. ఈటెకు కట్టిన తాడు రెండు వందల బారలకు పైనే ఉంటుంది, తెడ్లు వేసేవాళ్ల మధ్య నుంచే మెలికలు తిరుగుతూ పోతుంది. దెబ్బ తిన్న తిమింగలం పరుగు తీస్తే ఆ తాడు రాపిడికి పొగలొస్తాయి. దాని చుట్టలో చెయ్యో మెడో చిక్కితే మనిషి నీళ్లలోకి పోయినట్టే. అహాబ్ పోయింది కూడా అలాగే. స్టార్‌బక్ తండ్రినీ అన్నదమ్ముణ్ణీ ఈ వేటే మింగింది. మెల్విల్ కూడా 1841లో, 21 ఏళ్ల వయసులో, అకుష్నెట్ అనే వేట ఓడ ఎక్కినవాడే. అందుకే స్టార్‌బక్ మాటకు తనే వివరణ ఇస్తాడు: ప్రమాదం ఎంతటిదో సరిగ్గా లెక్కవేసుకున్నప్పుడు వచ్చే ధైర్యమే నమ్మదగ్గది, బొత్తిగా భయంలేనివాడు పిరికివాడి కన్నా ప్రమాదకరమైన తోడు.

బండి నడపడం నేర్పేటప్పుడైనా, అప్పు చేసి వ్యాపారం మొదలుపెట్టేవాళ్లతోనైనా నేను చెప్పేది ఈ మాటే. నా ఓటు స్టార్‌బక్‌కే.

అయితే ఆ మాట సరిపోని చోటొకటి ఉంది, దాన్ని మెల్విల్ దాచలేదు. తిమింగలాన్ని లెక్కవేయగలిగిన స్టార్‌బక్, కోపంతో ఊగిపోయే బలమైన మనిషి ముందు మాత్రం నిలబడలేడు. ఒక రాత్రి అహాబ్ నిద్రపోతుంటే అతని గది బయట తుపాకీ చేతబట్టుకుని నిలబడతాడు. ఇదివరకు అహాబ్ తనకు గురిపెట్టిన తుపాకీయే అది. ఇతన్ని ఇప్పుడు ఆపితే ముప్పైమందికి పైగా బతుకుతారు, తను భార్యనూ కొడుకునూ మళ్లీ చూస్తాడు. లోపల అహాబ్ నిద్రలో తిమింగలం మీద అరుస్తుంటాడు. స్టార్‌బక్ చేతులు వణుకుతాయి. తుపాకీని ఎక్కడిదక్కడ పెట్టేసి వెళ్లిపోతాడు.