భాష మార్చే మీట ఉన్నంతవరకే

ఈ సెట్‌టాప్ బాక్సు ఎలా ఉందని ఎవరైనా అడిగితే బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందో, ఎన్ని ఛానళ్లు వస్తాయో నేను చెప్పను. అవి దుకాణంలో కుర్రవాడే చెబుతాడు. దీని మీద నాకున్న ఇష్టమూ కోపమూ ఒక్క మీటకు సంబంధించినవి. పాత రిమోట్‌లో కింది వరుసలో భాష మార్చే మీట ఒకటి ఉండేది. అది నొక్కితే తెర మీద పులి అలాగే నడుస్తూ ఉంటుంది, దాని సంగతి చెప్పే గొంతు మాత్రం హిందీ నుంచి ఇంగ్లిష్‌కు, అక్కడి నుంచి తెలుగుకు మారుతుంది. కొన్నేళ్లుగా మా ఇంట్లో సాయంత్రాలు పెద్ద గొడవలు లేకుండా గడిచాయంటే ఆ మీట పుణ్యమే. కంపెనీవారు కొత్త రిమోట్‌లో సరిగ్గా దాన్నే తీసేశారు.

మాది తెలంగాణలో నల్లమల అడవి పక్కనున్న అచ్చంపేట. ఇంట్లో టీవీ ఒకటే, చూసేవాళ్లం ఆరుగురం. సాయంత్రం ఆరు దాటితే అత్తమ్మ సీరియళ్లు, మధ్యలో మామయ్య వార్తలు, భోజనాలయ్యాక పిల్లలకు నవ్వుల కార్యక్రమాలు. నాకు డాక్యుమెంటరీలంటే ఇష్టం. మా ఆయనకు టీవీ ముందు నిద్రపోవడం ఇష్టం.

సీరియళ్లను నేను తక్కువ చేసి మాట్లాడను. 2017లో మొదలై 2023 దాకా సాగిన ‘కార్తీకదీపం’ రోజుల్లో ఆ అరగంట మా వీధిలో ఎవరికి ఫోన్ చేసినా ఎత్తేవారు కాదు. వంటలక్క మీద ఈగ వాలితే ఆ పూట అత్తమ్మకు అన్నం సహించేది కాదు. అయితే పక్కన కూర్చుని ఇన్నేళ్లు గమనించాక నాకు తెలిసిందేమిటంటే, ఆమె సీరియల్ చూసేది తక్కువ, వినేది ఎక్కువ. చింతపండు గింజలు తీస్తూనో, పూలు కడుతూనో తల వంచుకుని ఉంటారు. పాత్రలు మనసులో అనుకునేది కూడా పైకే అంటాయి కాబట్టి కథ ఎక్కడా జారిపోదు. దబదబమని మోత వచ్చినప్పుడు తలెత్తితే చాలు, ఎలాగూ అందరి ముఖాలూ వరుసగా చూపిస్తారు. ఇలా చెవులతో టీవీ చూసే మనిషి ముందు హిందీలో ఎంత గొప్ప డాక్యుమెంటరీ పెట్టినా ప్రయోజనం ఏముంది? అందుకే చాలాకాలం నా కార్యక్రమాలు ఇంట్లో అందరూ పడుకున్నాకే మొదలయ్యేవి.

మామయ్యతో పేచీ లేదు. 1983 నవంబరులో శాంతిస్వరూప్ తెలుగులో తొలి టీవీ వార్తలు చదివిన కాలపు మనిషి ఆయన. ఎదురుగా అక్షరాలు నడిచే తెర లేని ఆ రోజుల్లో శాంతిస్వరూప్ వార్తలన్నీ కంఠస్థం చేసి చదివేవారని మామయ్య ఇప్పటికీ చెబుతూ ఉంటారు. నలుగురు కూర్చుని ఒకేసారి అరిచే వార్తలు మామయ్యకు గిట్టవు. డీడీ యాదగిరి వార్తలు చూస్తారు, లేచి చేతులు కడుక్కుంటారు.

సోనీ బీబీసీ ఎర్త్ 2017లో మొదలైనప్పుడు తెలుగు ధ్వనితో కూడా వచ్చింది. డిస్కవరీలో, నేషనల్ జియోగ్రాఫిక్‌లో కూడా తెలుగు వినవచ్చు. ఈ విషయం మా చిన్నవాడు రిమోట్‌తో ఆడుకుంటూ కనిపెట్టాడు. ఆదివారం సీరియళ్లు ఉండవు కదా, అలాంటి ఒక సాయంత్రం పులుల మీద ఏదో వస్తోంది. వాడు మీట నొక్కగానే గొంతు తెలుగులోకి మారింది. గింజలు తీస్తున్న అత్తమ్మ తలెత్తారు.

“పులి ముచ్చట తెలుగులో చెబుతున్నారేమిటి బిడ్డా?”

ఆమె పుట్టిల్లు మన్ననూరు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిదికి అటవీశాఖ గేటు పడిపోయే ఊరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వాకిలి అనవచ్చు. ఆ అడవి విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లని నేను తర్వాత చదువుకున్నాను కానీ, అత్తమ్మకు అది చిన్నప్పుడు కట్టెలకూ తునికాకుకూ వెళ్లిన చోటు. తెర మీద అడవి మధ్యప్రదేశ్‌దైనా ఆమెకు అభ్యంతరం లేకపోయింది. పులి గడ్డిలో ఎలా ఒదిగి కూర్చుంటుందో టీవీవాళ్ల కంటే ముందే చెప్పారు. జింక ఎటు తిరిగి పరుగెడుతుందో కూడా చెప్పారు, ఒక్కసారి తప్ప అన్నీ సరిపోయాయి.

ఆ కార్యక్రమంలో పులులను లెక్కపెట్టే పద్ధతి చూపించారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కూడా కుడిపక్క చారలు వేరు, ఎడమపక్కవి వేరు. అందుకే దారికి రెండు వైపులా మోకాలి ఎత్తున ఎదురెదురుగా కెమెరాలు కడతారు. పులి నడిచి వెళితే రెండు పక్కలూ ఒకేసారి ఫొటోలో పడతాయి. 2018 గణనలో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల ఇలా కెమెరాలు పెట్టి 2,967 పులులు ఉన్నాయని తేల్చారు. అత్తమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లే దారిలో చెట్టుకు కట్టిన అలాంటి డబ్బాను ఆమె చూశారట, కరెంటువాళ్లదేమో అనుకున్నారట. “అయితే నా ఫొటో కూడా పడి ఉంటుంది” అన్నారు. ఆ తర్వాత వాడకట్టులో నాలుగిళ్లకు ఈ సంగతి చెప్పి వచ్చారు.

అప్పటి నుంచి ఆదివారం సాయంత్రం మా ఇంట్లో డాక్యుమెంటరీ ఖాయమైంది. ఏనుగులు, మంచు ఎలుగుబంట్లు, సముద్రం అడుగున పీతలు, ఏది వచ్చినా సరే. అంతరిక్షం మాత్రం ఆమెకు పట్టదు. “అక్కడ మనుషులు లేరు, పశువులు లేరు, ఏం చూడాలి?” అంటారు. నాకూ అది సబబుగానే తోచింది.

తెలుగు ధ్వనిని ఇంతగా పొగుడుతున్నాను కానీ దానికి కొన్ని మినహాయింపులు చెప్పాలి. చెప్పే గొంతు ఒక్కోసారి పెళ్లి పందిట్లో మైకు పట్టుకున్నవాడి గొంతులా ఉంటుంది, మెల్లగా చెప్పాల్సిన చోట కూడా హుషారే. అంతకంటే నాకు బాధ కలిగించేది అసలు అడవి చప్పుడు తగ్గిపోవడం. తెలుగు వ్యాఖ్యానం పైన వేసినప్పుడు కీచురాళ్ల మోత, ఆకుల గలగల, దూరంగా నెమలి కేక అన్నీ అడుగున పడిపోతాయి. ఒంటరిగా చూసేటప్పుడు నేను ఇంగ్లిష్‌కు మార్చుకునేది అందుకే. పైగా తెలుగు అన్ని ఛానళ్లలోనూ లేదు. ఉన్నవాటిలో కూడా మంచి కార్యక్రమం వచ్చిన రోజు ఉంటుందో లేదో వచ్చాకే తెలుస్తుంది.

ఇక అసలు బాధ. మృగశిర కార్తె వానల్లో ఒక ఆదివారం. అత్తమ్మ పక్కింటి వదినలను కూడా పిలిచి కూర్చోబెట్టారు. చిరుతపులి పిల్లలను నోట కరుచుకుని మోసుకుపోతోంది. కరెంటు పోయింది. వచ్చాక బాక్సు మేలుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టింది. మేలుకున్నాక చిరుత అక్కడే ఉంది కానీ గొంతు హిందీలోకి వెళ్లిపోయింది. మీట నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కితే ఇంగ్లిష్, మళ్లీ హిందీ. జాబితాలో తెలుగే లేదు. వదినలు మర్యాదగా కాసేపు కూర్చుని, వంటలున్నాయంటూ లేచారు. అత్తమ్మకు పరువు పోయినట్లయింది.

సహాయకేంద్రానికి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి చాలా ఓపికగా, చాలాసేపు, బాక్సును మొత్తం మొదటి స్థితికి మార్చమని చెప్పింది. మార్చాను. ఇష్టమైన ఛానళ్ల జాబితా అంతా పోయింది, తెలుగు రాలేదు. అంటే అంతకుముందు పోయింది ఒకటే, ఇప్పుడు రెండు పోయాయి. మర్నాడు సీరియల్ వేళకు అత్తమ్మ ఛానల్ వెతికి పెట్టడానికి ఇంటిల్లిపాదీ తలా ఒక చెయ్యి వేయాల్సి వచ్చింది. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెట్టాక ఒక టెక్నీషియన్ వచ్చాడు. మంచి కుర్రవాడు. కంపెనీ చెప్పనిది అతను అయిదు నిమిషాల్లో చెప్పాడు.

ఛానల్ మన ఇంటికి వచ్చేటప్పుడు బొమ్మ ఒకటే, ఒక్కో భాష ధ్వని మాత్రం విడిగా వస్తుంది. అన్నీ ఒకే కట్టగా పంపుతారు. ప్రతి ధ్వనికీ మూడక్షరాల భాషా సంకేతం తగిలించి ఉంటుంది. మనం మెనూలో తెలుగు అని పెట్టుకుంటే బాక్సు ఆ సంకేతాన్ని వెతికి పట్టుకుంటుంది. పంపేవాళ్లు సంకేతం తప్పుగా వేసినా, వేయడం మరచినా బాక్సుకు ఏది తెలుగో తెలియదు, వరుసలో మొదట ఉన్నదాన్ని వినిపిస్తుంది. ఆ మొదటిది మనది కాదని వేరే చెప్పక్కర్లేదు. మా బాక్సుకు దీనికి తోడు ఇంకో జబ్బు కూడా ఉంది: కరెంటు పోయి వస్తే మనం పెట్టుకున్న భాషను మరచిపోతుంది. అచ్చంపేటలో వానాకాలం సాయంత్రం కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు చెప్పాలా?

“బాక్సు పాతది మేడం, మార్చేస్తాను” అన్నాడు. మార్చాడు. కొత్త బాక్సు చిన్నగా, అందంగా ఉంది. తెలుగు వచ్చింది, కరెంటు పోయినా గుర్తుపెట్టుకుంటోంది. అందరం సంతోషించాం. కొత్త రిమోట్ చేతిలోకి తీసుకున్నాక నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటర్నెట్ వీడియో కంపెనీల పేర్లతో రంగురంగుల మీటలు ఉన్నాయి, ఒక్కొక్కటీ నెలనెలా వేరే డబ్బు అడిగేదే. భాష మార్చే మీట మాత్రం లేదు. సంకేతం సరిగా రాని ఛానల్‌లో తెలుగు కావాలంటే మెనూలోకి వెళ్లి, సెట్టింగులు తెరిచి, ధ్వనిలోకి దిగి, భాష ఎంచుకుని, మళ్లీ వెనక్కి రావాలి. ఆ మాటలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఇంగ్లిష్ చదవలేని మనిషి తనకు తానుగా చేసుకోగలిగిన ఒకే ఒక్క పనిని తీసేసి, ఆ చోటును అమ్ముకున్నారన్న మాట. అత్తమ్మ ఎవరో ఒకరు వచ్చేదాకా అర్థం కాని భాషలో సింహాన్ని చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు. తర్వాత అది కూడా మానేసి పాత సీరియళ్ల పునఃప్రసారాలు పెట్టుకున్నారు.

మళ్లీ చిన్నవాడే ఆదుకున్నాడు. బొమ్మల డబ్బాలో పడేసిన పాత రిమోట్ తీసి ఆటకు నొక్కుతుంటే కొత్త బాక్సు పలికింది. భాష మీటతో సహా! ఆ ఆజ్ఞను అర్థం చేసుకునే ఏర్పాటు కొత్త బాక్సు లోపల ఉండనే ఉంది, పైనున్న మీటను మాత్రమే ఎగరగొట్టారు. ఇప్పుడు ఆ పాత రిమోట్‌కు బ్యాటరీల మూత లేదు, రబ్బరు బ్యాండు వేశాం. భాష మీట మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క పెట్టాం. అత్తమ్మ దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వరు. బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ దుకాణంలో ఇదే రకం నకలు రిమోట్ దొరికితే ముందుజాగ్రత్తగా ఒకటి కొని దాచాను. అన్ని బాక్సులకూ ఇలా పని చేస్తుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. మా రెండూ ఒకే కంపెనీవి కాబట్టి కుదిరింది.

వానకు బొమ్మ ఆగిపోతుందని అందరూ తిడతారు. నేను తిట్టను. మా డాబా మీద డిష్ ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది; మబ్బు నల్లమల మీద లేచి అటు నుంచే వస్తుంది. డిష్‌కు వచ్చే తరంగాల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి గట్టి వాన వాటిని మింగేస్తుంది. అందువల్ల మా ఇంటి మీద చినుకు పడకముందే, దూరాన కురిసే వానకు బొమ్మ గళ్లుగళ్లుగా చెదురుతుంది. అది చూడగానే పిల్లలు డాబా మీదికి పరుగెత్తి ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన మిరపకాయలు దించేస్తారు. ఈ ఉపయోగం కంపెనీవారి ప్రకటనల్లో లేదు.

నవ్వుల కార్యక్రమాల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. 2013లో ‘జబర్దస్త్’ మొదలైనప్పటి నుంచి ఇంట్లో తొమ్మిదిన్నర తర్వాతి వేళ పిల్లలదే. కొన్ని స్కిట్లకు నేనూ నవ్వుతాను, కొన్నింటికి లేచి గిన్నెలు సర్దుకుంటాను. అక్కడ భాష మార్చేది ఏమీ లేదు కనుక రిమోట్‌తో పని లేదు.

కొనాలా వద్దా అంటే, మీ ఇల్లు ఎలాంటిదో చూసుకోవాలి. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలు వచ్చాక ఛానళ్లను విడివిడిగా ఎంచుకోవచ్చు కాబట్టి, నాకు కావలసిన డాక్యుమెంటరీ ఛానళ్లు మాత్రమే తీసుకుని క్రీడలు వదిలేశాను, ఖర్చు తేలిగ్గానే ఉంది. అమ్రాబాద్‌లో మా ఆడపడుచు ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంది. నెలవారీ చెల్లింపు లేదు, మామయ్య వెళితే యాదగిరి వార్తలు అక్కడా దొరుకుతాయి. చెల్లింపు ఛానళ్లు అందులో రావు కనుక అత్తమ్మ మాత్రం రెండో రోజుకే తిరుగు ప్రయాణం అంటారు. ఇంట్లో అందరికీ ఫోన్లు, మంచి ఇంటర్నెట్ ఉన్నవాళ్లకు ఈ బాక్సు అవసరమే లేకపోవచ్చు. చదువు రాని పెద్దవాళ్లున్న ఇంటికైతే బాక్సు కంటే ముందు రిమోట్ చూపించమని అడగండి. నేను ఈసారి ఏడాదికి బదులు ఆరు నెలలకే రీఛార్జి చేయించాను.