ఇంజిన్ కంపెనీ చేతులు మారితే చిన్న డెవలపర్‌కి ఏది మేలు?

వీడియో గేమ్ తయారుచెయ్యాలనుకునేవాళ్లు ఇంజిన్లను, అంటే ఆటని నిర్మించే సాఫ్ట్‌వేర్లను, పోల్చేటప్పుడు గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, నేర్చుకోవడం ఎంత తేలిక, అసెట్లు (రెడీమేడ్ బొమ్మలు, శబ్దాలు) ఎన్ని దొరుకుతాయి అనేవే చూస్తారు. ఆ కంపెనీని ఎవరు కొన్నారు, అది ఎవరిని కొంది అన్నది పట్టించుకునేవాళ్లు తక్కువ. ఒంటరిగానో ఇద్దరు ముగ్గురితోనో పనిచేసేవాళ్లు అసలు ముందు చూడాల్సింది అదేనని నా అభిప్రాయం. పెద్ద స్టూడియోకి లాయర్లుంటారు, తప్పనిసరైతే సొంత ఇంజిన్ రాసుకుంటుంది. చిన్నవాళ్లకి ఏళ్ల తరబడి పడ్డ కష్టమంతా ఒక లైసెన్సు మీద ఆధారపడి ఉంటుంది.

ఇది నిన్నమొన్నటి సమస్య కాదు. 2004లో ఆటల సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ క్రైటీరియన్‌ని కొన్నప్పుడు ఆ కంపెనీ ఇంజిన్ రెండర్‌వేర్ కూడా దాని చేతికి వెళ్లింది. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌తో సహా అప్పటి ఎన్నో ఆటలకి అదే ఆధారం. పోటీదారు చేతిలో ఉన్నదాన్ని నమ్ముకోలేక మిగతావాళ్లు మెల్లగా తప్పుకున్నారు. రాక్‌స్టార్ సొంతంగా రేజ్ ఇంజిన్ తయారుచేసుకుంది. చిన్న స్టూడియోలకి ఆ దారి ఎక్కడిది?

ఇక యూనిటీ ఇంజిన్ సంగతి. దీన్ని కాస్త వివరంగా చూడాలి. 2022 జులైలో ఐరన్‌సోర్స్‌తో విలీనం ప్రకటించింది. ఒప్పందం విలువ సుమారు 440 కోట్ల డాలర్లు. ఐరన్‌సోర్స్ మొబైల్ ఆటల్లో ప్రకటనల వ్యాపారం చేసే కంపెనీ. మాకిది ఏం ఒరగబెడుతుందని డెవలపర్లు అప్పుడే అడిగారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 12న రన్‌టైమ్ ఫీజు వచ్చిపడింది.

దాని లెక్క ఇదీ. ఏడాదిలో 2 లక్షల డాలర్ల ఆదాయం, మొత్తం మీద 2 లక్షల ఇన్‌స్టాల్స్, ఈ రెండూ దాటితే, ఉచిత పర్సనల్ లైసెన్సు వాడేవాళ్లు అమెరికా వంటి మార్కెట్లలో ప్రతి కొత్త ఇన్‌స్టాల్‌కి 20 సెంట్లు కట్టాలన్నారు. ఉచితంగా ఆడుకునే ఆటకి ఆ తర్వాత మరో 5 లక్షల ఇన్‌స్టాల్స్ వచ్చాయనుకోండి, బిల్లు లక్ష డాలర్లు. ఆ 5 లక్షల మందిలో డబ్బు ఖర్చుపెట్టేది కొద్దిమందే. ఆట హిట్టయితే సంతోషించాల్సింది పోయి టెన్షన్ పడాలన్నమాట. అయితే యూనిటీ లెవెల్‌ప్లే లాంటి ప్రకటనల సేవలు వాడేవాళ్లకి ఫీజులో మినహాయింపు ఇస్తామన్నారు. లెవెల్‌ప్లే ఎక్కడిదంటే, ఐరన్‌సోర్స్‌తో పాటు వచ్చిందే. ఇంజిన్‌కి కట్టే డబ్బు చూపించి ప్రకటనల వ్యాపారంలోకి లాగడం అంటే ఇదే.

ఫీజు కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. మీరు వాడుతున్న వెర్షన్‌కి ఉన్న పాత షరతులతోనే కొనసాగవచ్చని యూనిటీ 2019లో మాట ఇచ్చింది. మార్పులు అందరికీ కనబడేలా షరతుల పత్రాన్ని కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టింది. తర్వాత ఆ పేజీ మాయమైంది, 2023లో ఆ హామీ కూడా పోయింది. డెవలపర్లు భగ్గుమన్నాక పది రోజుల్లో ఫీజుని సడలించారు, పాత వెర్షన్లకి ఫీజు మినహాయించారు, వెర్షన్ హామీ తిరిగి ఇచ్చారు. సీఈఓ జాన్ రిక్కిటియెల్లో అక్టోబరులో తప్పుకున్నారు. 2024 సెప్టెంబరులో ఫీజుని పూర్తిగా ఎత్తేసి, ప్రో లైసెన్సు ధర 8 శాతం పెంచారు. ఇప్పటి షరతులు అన్యాయంగా ఏమీ లేవు. కానీ ఒకసారి వెనక్కి తీసుకున్న మాటని మళ్లీ ఇస్తే, మొదటిసారి నమ్మినట్టు నమ్మడం కష్టం.

అన్‌రియల్ ఇంజిన్ దగ్గర పరిస్థితి వేరు. దాన్ని తయారుచేసే ఎపిక్ ఎవరితోనూ విలీనం కాలేదు, తనే వరసగా కొంటూ పోయింది: 2019లో 3డీ స్కాన్లు చేసే క్విక్సెల్, 2021లో కళాకారుల సైటు ఆర్ట్‌స్టేషన్, 3డీ మోడళ్ల సైటు స్కెచ్‌ఫ్యాబ్. చిన్నవాళ్లకి వీటివల్ల మేలే జరిగింది. క్విక్సెల్ మెగాస్కాన్స్ లైబ్రరీ చాలాకాలం అన్‌రియల్ వాడేవాళ్లకి ఉచితంగా దొరికింది, ఆర్ట్‌స్టేషన్ తన మార్కెట్‌లో కమిషన్ 30 నుంచి 12 శాతానికి తగ్గించింది. రాయల్టీ 5 శాతమే, అదీ ఆట మొదటి 10 లక్షల డాలర్లు సంపాదించాకే. మీరు సంపాదిస్తేనే వాళ్లకి వాటా, కాబట్టి ఇద్దరి లాభం ఒకే వైపు ఉంది. అయితే ఈ ఉదారత వెనకున్నది ఎపిక్ సొంత ఆట ఫోర్ట్‌నైట్ డబ్బు. 2022లో కొన్న సంగీతం అమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌ని ఎపిక్ ఏడాదిన్నరకే వదిలించుకుంది, అదే సమయంలో 830 మందిని ఇంటికి పంపింది. డబ్బు బిగుసుకుంటే ఉచితాలు ఎంతకాలం ఉంటాయో చెప్పలేం.

కొనుగోలు జరిగిందంటే చెడే జరుగుతుందని కూడా అనుకోకూడదు. గేమ్‌మేకర్ ఇంజిన్ చేసే యోయో గేమ్స్‌ని 2021లో బ్రౌజర్ కంపెనీ ఒపెరా కొంది. 2023 చివర్లో వ్యాపారేతర వాడకం ఉచితం చేసి, ప్లేస్టేషన్ లాంటి కన్సోల్స్ తప్ప మిగతా చోట్ల అమ్ముకోవడానికి ఒక్కసారి 100 డాలర్ల లోపు కడితే చాలన్నారు. 2డీ ఆట చేసేవాళ్లకి ఇది నికరమైన లాభం.

గోడో ఇంజిన్‌ని మాత్రం ఎవరూ కొనలేరు. 2014 నుంచి, ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల ఎంఐటీ లైసెన్సు కింద ఉంది. మీ దగ్గరున్న వెర్షన్ ఎప్పటికీ మీదే, రాయల్టీ లేదు. రన్‌టైమ్ ఫీజు గొడవ సమయంలో టెరారియా తయారుచేసిన రీ-లాజిక్ గోడోకి లక్ష డాలర్ల విరాళం ఇచ్చింది. లోటు కన్సోల్స్ దగ్గర ఉంది: వాటి ఎస్‌డీకేలు (వాటికి ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ కిట్లు) రహస్య ఒప్పందాల కింద ఉంటాయి గనక ఓపెన్ సోర్స్‌లో పెట్టలేరు, బయటి సంస్థలకి డబ్బిచ్చి పోర్ట్ చేయించుకోవాలి, అంటే ఆటని కన్సోల్‌కి మార్పించుకోవాలి. భారీ 3డీలో అన్‌రియల్‌కి సాటి రాదు.

నన్నడిగితే, మొదటి ఆట, అందులోనూ 2డీ అయితే గోడోనే మేలు. గేమ్‌మేకర్ కూడా మంచిదే. ముగ్గురు నలుగురు కలిసి వాస్తవికంగా కనబడే 3డీ చేస్తుంటే అన్‌రియల్. యూనిటీలో ఇప్పటికే సగం ఆట అయిపోయినవాళ్లు కోపంతో ఇంజిన్ మార్చొద్దు. కోడ్ తిరగరాయడానికి పట్టే నెలల ఖర్చు, పెరిగిన లైసెన్సు ధరని మించిపోతుంది. వాడుతున్న ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం అప్‌డేట్లు అందే) వెర్షన్ మీదే ఉండండి, ఆ వెర్షన్ షరతుల పత్రం కాపీని తేదీతో సహా ప్రాజెక్టు ఫోల్డర్‌లో దాచుకోండి, ఆట లాజిక్‌ని ఇంజిన్‌కి ఇచ్చే ఆదేశాలతో కలిపెయ్యకుండా విడిగా రాయండి. తర్వాతి ఆటకి వేరే ఇంజిన్‌కి మారాలనుకుంటే ఆ కోడ్‌లో చాలా భాగం మీ వెంట వస్తుంది.