అంకెలున్న వ్యాసమా, వాదన ఉన్న వ్యాసమా: ఏది మేలు?

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌కి చదివే పిల్లల ప్రాక్టీస్ పేపర్లు దిద్దుతుంటాను. జనరల్ ఎస్సే పేపర్ 150 మార్కులకు. మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోదానికి 50. ఈమధ్య ‘కృష్ణా జలాల పంపకం’ ఇస్తే, పక్కపక్కన పెట్టి చూడాల్సిన పేపర్లు రెండు దొరికాయి. (‘నదులు నాగరికతకు ఊయలలు’ అని మొదలైనవి ఆ కట్టలో పదకొండు. వాటి జోలికి పోను.)

మొదటి పేపర్ చూస్తేనే ముచ్చటేసింది. ముత్యాల్లాంటి అక్షరాలు, సైడ్ హెడ్డింగుల కింద గీతలు. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్, 1976 గెజిట్, మహారాష్ట్రకు 560 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు), కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800, తిరిగి నదిలో కలిసే నీళ్లతో 811, అందులో 2015 సర్దుబాటు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. ఒక్క అంకె తప్పు లేదు. కానీ ఆరు పేజీలు చదివాక ‘అయితే ఏంటమ్మా?’ అని అడగాలనిపించింది. పేరాలను ఎటు మార్చి పెట్టినా తేడా రాదు. ‘ఇరు రాష్ట్రాలు సామరస్యంగా పరిష్కరించుకోవాలి’ అనే చివరి వాక్యం కావేరికైనా అతుకుతుంది.

రెండోది కోడి గెలికినట్టుంది. నాలుగు పేజీలే. వాడుకున్న లెక్క ఒక్కటే: బచావత్ పంచిన 2060 టీఎంసీలు 75 శాతం డిపెండబిలిటీ మీద వేసినవి. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అన్ని నీళ్లు వస్తాయి, ఒక ఏడాది రాకపోవచ్చు. అబ్బాయి అక్కణ్నుంచి దారి తప్పలేదు. నిండుగా పారే ఏడు ఎవరి గేట్లూ ఎవరూ లెక్కపెట్టరు, గొడవంతా ఆ నాలుగో ఏడాదే, కాబట్టి కరువును ఎలా పంచుకోవాలో ముందు తేల్చాలన్నాడు. ‘మరి పైరాష్ట్రం ముందే డ్యామ్ నింపుకుంటే?’ అని తనే ఎదురు ప్రశ్న వేసుకున్నాడు. దానికి రాసిన జవాబు నన్ను పూర్తిగా ఒప్పించలేదు. అయినా ఆ ప్రశ్న మొదటి పేపర్లో లేనే లేదు.

రెండోదానికి 29, మొదటిదానికి 22 వేశాను.

మొదటిది రాసిన అమ్మాయి పేపర్ పట్టుకుని వచ్చేసింది. “సార్, నేను రాసినన్ని పాయింట్లు ఇంకెవరూ రాయలేదు.” నిజమే, కాదనలేదు. ఆ అంకెల్లో నచ్చినదొకటి తీసుకుని, దాని పక్కన ‘అందువల్ల’ అని రాసి, ఆ వాక్యం పూర్తి చేయమన్నాను.

రెండు రోజులకు తిరిగి రాసుకొచ్చింది. 512, 299 తప్ప మిగతావన్నీ తీసేసింది. ఒక్క ఏడాదికని చేసుకున్న సర్దుబాటు ఏళ్ల తరబడి నడిచిందంటే, శాశ్వత పంపకాన్ని ఎవరో ఒకరు వాయిదా వేసుకోగలుగుతున్నారనీ, ఆ వాయిదా వల్ల ఎవరికి లాభమో ముందు చూడాలనీ వాదించింది. 31 వేశాను. అందులో ఒక మార్కు చేతిరాతకు పడిందేమో, ఒప్పుకుంటాను.