సొరంగంలో ఎలక్ట్రానిక్ డిటొనేటర్లు: పేల్చకముందే చెప్పే లాగర్

సొరంగంలో రాయిని పగలగొట్టే మందును పేల్చే చిన్న గొట్టాలే డిటొనేటర్లు; వాటిలో ఎలక్ట్రానిక్ రకంతో నా అనుభవం ఇది. మన దేశంలో పాత కరెంటు డిటొనేటర్ల మీద 2025 ఏప్రిల్ నుంచి ఎలాగూ నిషేధం ఉంది కాబట్టి నా పోలికంతా, వైరుకు బదులు ప్లాస్టిక్ ట్యూబుతో పేలుడు సంకేతం పంపే నానెల్‌తోనే. హైదరాబాద్ శివార్లలో తవ్వుతున్న ఒక నీళ్ల సొరంగంలో బ్లాస్టింగ్ నా బాధ్యత. ఎలక్ట్రానిక్‌కు మారి చాలాకాలమైంది. మిల్లీసెకను లెక్కన టైమింగ్ పెట్టుకోవచ్చన్నది అందరికీ తెలుసు. నేను వీటిని వదలకపోవడానికి అసలు కారణం లాగర్, అంటే పేల్చేముందు డిటొనేటర్లన్నిటినీ పరీక్షించే చేతి యంత్రం.

నానెల్‌లో కనెక్షన్లు కంటితో చూసుకోవాల్సిందే. లోపల ట్యూబు దెబ్బతింటే బ్లాస్ట్ అయ్యాక గానీ తెలియదు. మందు నింపిన హోల్ ఒకటి పేలకుండా మక్కులో (పగిలిన రాళ్ల కుప్పలో) మిగిలిందంటే ముందు ప్రాణాల మీదికి వచ్చేది లోడర్ ఆపరేటర్‌కే. లాగర్ అయితే ఒక్కో డిటొనేటర్‌నూ పలకరించి, బదులివ్వని దాని నంబరు స్క్రీన్ మీద చూపిస్తుంది. వెళ్లి సరిచేసుకున్నాకే పేలుస్తాం. ఆ ఒక్క గుణానికి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఇక నన్ను ఏడిపించిన రోజు. ఇక్కడి గ్రానైట్‌ను అక్కడక్కడా నల్లటి డోలరైట్ డైకులు (గోడలా చొచ్చుకొచ్చిన వేరే రాయి) కోసుకుంటూ పోతాయి. అలాంటి ఒక డైకు అంచుకు చేరేసరికి రాయి పగుళ్లు పగుళ్లుగా మారి, పైనుంచి నీళ్లు ధారగా కారడం మొదలైంది. ఫేస్ (ఎదురుగా తవ్వాల్సిన రాతి గోడ) అంతా ఛార్జ్ చేశాం, అంటే హోళ్లలో మందు నింపాం. అన్ని నంబర్లూ పలికాయి, కానీ లైన్‌లో కరెంటు లీకేజీ పరిమితి దాటిందని లాగర్ పేల్చనివ్వలేదు. ఎక్కడో మాత్రం చెప్పదు! సప్లయర్ టెక్నీషియన్‌కు ఫోన్ చేస్తే "వైర్లు తుడిచి మళ్లీ చూడండి సార్" అన్నాడు. తుడిచాం, తగ్గలేదు. వరసలు విడదీసి, సగం సగం చేసుకుంటూ వెతికాం. చివరికి దొరికింది అడుగు హోళ్లలో. వైర్లను కలిపే క్లిప్పులు నీళ్లలో మునిగి ఉన్నాయి. ఒకటి విప్పితే తడి తగలకుండా ఉండే జెల్ పక్కకు జరిగి, లోపల రాతిపొడి తెల్లటి బురదలా పేరుకుంది. ఇంకో వైరు తొడుగు హోల్ మూతి దగ్గర రాయికి గీసుకుని రాగి కనబడుతోంది. షిఫ్టు మొత్తం దానికే పోయింది. అప్పటి నుంచి తడి ఫేస్‌లో అడుగు క్లిప్పులను కొయ్య మేకులకు పైకి వేలాడదీస్తున్నాం. ఆ గొడవ మళ్లీ రాలేదు.

ఓవర్‌బ్రేక్ (గీతకు మించి రాయి ఊడటం) బాగా తగ్గిందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. నిజమే, అంచు హోళ్లన్నీ ఒక్కసారే పేలితే గోడ నునుపుగా వస్తుంది. నానెల్‌లో ఎంత ఆలస్యంగా పేలుతుందన్నది లోపలి మందు కాలే వేగాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆలస్యం ఎక్కువుండే పెద్ద నంబర్లలో హోల్‌కూ హోల్‌కూ తేడా వస్తుంది. అయితే సర్వే వాళ్లు మార్కింగ్ ఇవ్వక జంబో (డ్రిల్లింగ్ యంత్రం) ఆపరేటర్ అంచనాతో డ్రిల్ చేసిన రౌండ్లలో (ఒక్కో విడత పేలుళ్లలో) అవే డిటొనేటర్లతో గోడ ఎప్పటిలాగే గుంతలు పడింది. షాట్‌క్రీట్ (గోడకు చల్లే కాంక్రీటు) కూడా అంతే తిన్నది. కాబట్టి ఆ మెప్పులో ఎక్కువ వాటా సర్వేకూ డ్రిల్లింగ్‌కూ చెందుతుంది.

పుల్ (ఒక్కో రౌండ్‌కు ముందుకు సాగే లోతు) సంగతీ అంతే. సప్లయర్ ఇచ్చిన డిజైన్‌లో అన్నిటికంటే ముందు పేలే కట్ హోళ్ల మధ్య వ్యవధి మా రాయికి చాలలేదు. పగిలిన ముక్కలు మందు పెట్టకుండా ఖాళీగా వదిలే పెద్ద రీమర్ హోల్ వైపు నుంచి బయటపడేలోగా పక్క హోల్ పేలి, రాయి అక్కడే బిగుసుకుపోయేది. ఫేస్‌లో లోతైన సాకెట్లు (రాయి ఊడిరాని హోళ్ల అడుగులు) మిగిలేవి. వ్యవధి పెంచాక రౌండ్ పూర్తిగా రావడం మొదలైంది. నానెల్‌లో నంబర్లు మార్చి కూడా ఇది కొంతవరకు సాధించవచ్చు, కానీ ఇంత సన్నగా సర్దుకోలేం.

ధర మాత్రం బాగా ఎక్కువ. మా సొరంగం మీద కాలనీ ఉంది. తక్కువ మందుండే అంచు హోళ్లు కాక, నిండుగా మందున్న రెండు హోళ్లు కలిసి పేలితే ఇళ్లు అదిరి మర్నాడు పని ఆగుతుంది, అందుకే మా యాజమాన్యం ఖర్చుకు ఒప్పుకుంది. ఊరికి దూరంగా, పొడి రాయిలో, చిన్న సెక్షన్ తవ్వే వాళ్లయితే నానెల్‌తోనే నడిపించి, ఆ డబ్బు మంచి జంబో ఆపరేటర్ జీతానికి పెట్టమంటాను. మిస్‌ఫైర్లతో (పేలని హోళ్లతో) విసిగిపోయిన సైటైతే ఒక నెల వాడి చూడండి, కొనేముందు తడి ఫేస్‌లో డెమో అడగండి.