పెప్టైడ్ చదివేటోళ్లకు మోడల్ కిట్: ఒక్క డబ్బా అయితే సరిపోదు

నల్లగొండల ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదువుతున్న. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు ప్రొటీన్ల లెక్క మడత పడే చిన్న మాలిక్యూల్స్ మీద, అంటే ఎంజైమ్ చేసే పని ఒక పొట్టి పెప్టైడ్ (అమైనో ఆసిడ్ల చిన్న గొలుసు) తోని చేయించొచ్చా అని. కాయితం మీద ఎంత గీసినా ఏ గ్రూపు ఎటు తిరిగిందో సమజ్ కాలే, ఇగ క్లాక్ టవర్ దగ్గర ఒక షాపుల 850 పెట్టి ఈ బంతులు పుల్లల కిట్ తెచ్చుకున్న.

క్వాలిటీ మంచిగుంది, రెండు నెలల సంది రోజూ విప్పుడు పెట్టుడే, ఒక్క పుల్ల ఇరగలే.

గని నీలం నైట్రోజన్లు ఆరే ఇచ్చిండ్రు. ఆల్ఫా హీలిక్స్ ల, అంటే గొలుసు స్ప్రింగు లెక్క చుట్టుకునే షేపుల, ఒక చుట్టుకు 3.6 అమైనో ఆసిడ్లు, ఒక్కోదానికి గొలుసుల ఒక నైట్రోజన్, రెండు చుట్లు కనపడాలంటే ఎనిమిదన్నా కావాలె, దోస్తు డబ్బా కూడ కలిపిన. ఇంకోటి అసలు ముఖ్యమైంది, పెప్టైడ్ బాండ్, అంటే రెండు అమైనో ఆసిడ్లను కలిపే బాండ్, చదునుగ ఉండాలె, తిరగొద్దు, ఈ కిట్ల అది ఫ్యాన్ లెక్క తిరుగుతది. ప్రతి బాండ్ కు టేపు చుట్టుర్రి, లేకపోతే తప్పు షేపే మనసుల పడతది, డబ్బా మీద ఈ ముచ్చట ఏడ రాయలే.

హీలిక్స్ కట్టినంక మాత్రం, మొదటి అమైనో ఆసిడ్ సి-ఓ అయిదో దాని ఎన్-హెచ్ కు ఎదురుంగ వచ్చి నిలబడ్డది, హైడ్రోజన్ బాండ్ పడేది గిక్కడనే! సైడ్ చెయిన్లకు (గొలుసు పక్కల వేలాడే గ్రూపులు) రంగు దారం కట్టి చూస్తే 2, 6 ఒక్క దిక్కే ఉన్నయి. కైమోట్రిప్సిన్ అనే ఎంజైమ్ ల హిస్టిడిన్ 57, ఆస్పార్టేట్ 102, సెరీన్ 195 (అంకె అంటే ఆ అమైనో ఆసిడ్ స్థానం) గొలుసుల అంత దూరముండి మడత పడ్డంక పక్కపక్కకు వచ్చి పని చేస్తయని బట్టీ పట్టిన, మన పెప్టైడ్ ల రెండు కెటలిస్ట్ గ్రూపులు (రియాక్షన్ ను ఉరికించేటివి) కలిసి పని చెయ్యాలంటే వాటిని నాలుగు స్థానాల ఎడంతోని పెట్టొచ్చు అన్నది గా దారం చూసినంకనే తెలిసింది.

తర్వాత పెప్టైడ్ అసొంటిదే పెప్టాయిడ్ కట్టిన. సైడ్ చెయిన్ ను కార్బన్ మీంచి తీసి నైట్రోజన్ కు పెడితే ఎన్-హెచ్ పోయింది, హైడ్రోజన్ బాండ్ పట్టుకునే చెయ్యే లేదు, గొలుసంత వదులు వదులు అయిపోయింది. పెప్టాయిడ్ ను హీలిక్స్ చేసేటందుకు పెద్ద పెద్ద కైరల్ (కుడి ఎడమ చేతుల లెక్క, అద్దంల బొమ్మతోని కలవని) సైడ్ చెయిన్లు ఎందుకు పెడతరో సార్ మళ్ల చెప్పే పని పడలే.

కొంటే రెండు డబ్బాలు ఒక్కసారే తీస్కోర్రి, మా జూనియర్ అట్ల తీస్కుంటే షాపాయన 100 తగ్గించిండు.