షోరూమా, ఆటోనగరా? ఏ పనికి ఎక్కడికి

వారంటీ అయిపోయిన బండితో వచ్చినవాళ్లు బిల్లు చూసి అడిగే మాట ఒకటే: “ఇంక బయట చేయించుకుంటే పోలా?” విజయవాడలో బయట అంటే, వరసగా మెకానిక్ షెడ్లుండే ఆటోనగరే. నేను పనిచేసేది షోరూమ్ వర్క్‌షాపులో కాబట్టి, ‘అక్కడికి మాత్రం వెళ్లకండి’ అంటానని ఎదురుచూస్తారు. నా సొంత కారు రెండు చోట్లకీ వెళ్తుంది. బండిని మొత్తంగా ఒకరి చేతికి రాసిచ్చేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. పనిని బట్టి చోటు మార్చుకుంటే డబ్బూ మిగులుతుంది, బండీ బాగుంటుంది.

ముందు మా గొప్పలు, వెంటనే మా లోపాలు.

షోరూమ్‌లో మీ డబ్బుకి దక్కే అసలు సరుకు కంపెనీ స్కానర్, దాని వెనకున్న సమాచారం. బయట షెడ్డులో ఉండే స్కానర్ ఇంజిన్ కోడ్లు చదువుతుంది, కాస్త ఖరీదైనదైతే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ కూడా చదువుతుంది. కొత్త తాళాన్ని ఇమ్మొబిలైజర్‌కి (వేరే తాళంతో బండి స్టార్ట్ కానివ్వనిది) ఎక్కించాలన్నా, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ మార్చాలన్నా, ముందు అద్దం మార్చాక దాని వెనకుండే కెమెరాని మళ్లీ సరిచేయాలన్నా చాలా మోడళ్లకు కంపెనీ పరికరమే దిక్కు. ఫలానా మోడల్‌కి ఫలానా జబ్బు వస్తోంది, ఇలా సరిచేయండి అని కంపెనీ నుంచి మాకు సూచనలు వస్తుంటాయి. అవి ఆటోనగర్‌కి చేరేసరికి ఆలస్యమవుతుంది, కొన్ని అసలు చేరవు.

మా లోపం: మేం మారుస్తాం, బాగుచేయం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇవ్వడం లేదంటే, జాబ్ కార్డులో (చేయాల్సిన పనుల కాగితంలో) పడేది ‘ఆల్టర్నేటర్ అసెంబ్లీ’. లోపల అరిగింది కార్బన్ బ్రష్షులే కావచ్చు, పోయింది రెగ్యులేటరే కావచ్చు. దాన్ని విప్పి చూసే టైము మాకివ్వరు. విప్పి బాగుచేసిన పార్టుకి కంపెనీ వారంటీ ఇవ్వదు కాబట్టి మీతో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్ కూడా ఆ మాట ఎత్తడు. అదే ఆల్టర్నేటర్‌ని ఆటోనగర్‌లో కరెంటు పని షెడ్డుకి తీసుకెళ్లండి. మేస్త్రి దాన్ని బల్ల మీద పెట్టి, చేత్తో పుల్లీ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని బేరింగు గరగర వింటాడు. వెనక మూత విప్పి, బ్రష్షులు అరచేతిలో వేసి, “చూడండి సార్, గోరంత మిగిలాయి” అని చూపిస్తాడు. బ్రష్షులు, బేరింగులు వేసి సాయంత్రానికి బిగించేస్తాడు. కొత్త అసెంబ్లీ ధరకీ దీనికీ పోలికే లేదు.

ఎక్కడ చేయించినా ఆల్టర్నేటర్ పేరెత్తే ముందు మీటరు పెట్టమనండి. ఇంజిన్ ఆపి కాసేపు ఆగాక బాగున్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, స్టార్ట్ చేశాక 14 చుట్టుపక్కలకు రావాలి. కొన్ని కొత్త మోడళ్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. కాబట్టి హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడాలి. ఈ రెండు నిమిషాల పని చేయకుండా ముందు బ్యాటరీ, తర్వాత ఆల్టర్నేటర్ మార్పించేవాళ్లు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు.

ఆటోనగర్ బలం ఈ విడివిడి పనితనమే. రేడియేటర్ పని ఒకరిది, లేత్ ఒకరిది, టింకరింగ్ (సొట్టలు తీసే పని) ఒకరిది, ఏసీ ఇంకొకరిది. మూడు దశాబ్దాలుగా గేర్‌బాక్సులే విప్పుతున్న చెయ్యి మా ఫ్లోర్ మీద దొరకదు. మా దగ్గర ఐటీఐ చేసి వచ్చిన కుర్రాడు చెయ్యి తిరిగేసరికి ఇంకో షోరూమ్‌కో, గల్ఫ్‌కో వెళ్లిపోతాడు. పైగా మా దగ్గర మీతో మాట్లాడేవాడు వేరు, బండి ముట్టుకునేవాడు వేరు. ‘ఎడమ పక్క గతుకుల్లో టకటక’ అని మీరు చెప్పింది జాబ్ కార్డులోకి వచ్చేసరికి ‘సస్పెన్షన్ చెక్’ అయిపోతుంది. అందుకే చప్పుడు కంప్లయింటుతో షోరూమ్‌కి వచ్చినప్పుడు, టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు వేస్తానని అడగండి. కాదనరు, విసుక్కున్నా వస్తారు.

ఇక పనులవారీగా.

వారంటీ ఉన్నన్నాళ్లూ పీరియాడిక్ సర్వీసు షోరూమ్‌లోనే. మారుతి 2024 జులై నుంచి మామూలు వారంటీని 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. అంత కాలం చేతిలో ఉన్న హక్కుని ఆయిల్ మార్పు దగ్గర మిగిలే కొద్ది డబ్బు కోసం చిక్కుల్లో పెట్టుకోవడం దండగ. బయట చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని మాత్రం ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. మార్కెట్‌లో పోటీ సరిగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు రెండున్నర వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నది నేరం. బయటి పని వల్ల దెబ్బతిన్నదానికి తప్ప వారంటీని గంపగుత్తగా రద్దు చేయకూడదనీ ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. అయినా క్లెయిమ్ రోజున సర్వీసు హిస్టరీలో ఖాళీ కనిపిస్తే వాదించుకోవాల్సింది మీరే. సీట్ కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ బయట వేయించినా, వైరింగ్ కోసే పని ఉంటే కప్లర్‌తో పెట్టమనండి. తెగిన వైరు చూస్తే కరెంటు క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

వారంటీ దాటాక ఆయిల్ సర్వీసు ఎక్కడైనా పర్వాలేదు, ఆయిల్ మాత్రం మీరు చూసి పోయించుకోండి. ఇప్పటి చాలా పెట్రోల్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి పలచటి ఆయిల్ రాసి ఉంటుంది. ఆటోనగర్‌లో పాత మేస్త్రీలకు ఇది నచ్చదు. “నీళ్లలా ఉంది సార్, చిక్కటిది పోద్దాం” అంటారు. వాళ్ల అనుభవం లారీలది, పాత డీజిళ్లది. కొత్త ఇంజిన్లలో సందులు ఇరుకు, వాల్వు టైమింగ్‌ని నడిపేదీ ఆయిల్ ప్రెషరే. చిక్కటి ఆయిల్ పోస్తే చలి స్టార్టుకి పైదాకా ఎక్కడం ఆలస్యమవుతుంది, మైలేజీ తగ్గుతుంది. మాన్యువల్‌లో ఏ గ్రేడు ఉంటే అదే, సీలున్న డబ్బా మీ ముందే తెరవాలి. బీఎస్6 డీజిల్‌కైతే ఇది ఇంకా ముఖ్యం. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న ఇంజిన్‌కి బూడిద తక్కువ వచ్చే ఆయిలే వాడాలి, లేకపోతే ఆ బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది. మసిని కాల్చేసే రీజెనరేషన్ కూడా బూడిదని కాల్చలేదు.

షోరూమ్‌లో జాగ్రత్త పడాల్సింది వేరేచోట. అడ్వైజర్‌కి టార్గెట్లుంటాయి. ఇంజిన్ ఫ్లష్, ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, టెఫ్లాన్ కోటింగు, ఎలుకల మందు స్ప్రే అన్నీ ఎస్టిమేట్‌లో మెల్లగా చేరిపోతాయి. డ్రెస్సింగ్ అంటే మెరుపు తప్ప ఏమీ లేదు. టైముకి ఆయిల్ మార్చే ఇంజిన్‌కి ఫ్లష్ అక్కర్లేదు. విశాఖలో సముద్రం పక్కనే బండి నిలిపేవాళ్లు అండర్‌బాడీ కోటింగు అడిగితే కాదనను, మిగతావాళ్లకి తొందరేం లేదు. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం కొట్టేయించకండి. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, తేమ పెరిగితే ఘాటు రోడ్డులో బ్రేకులు కాగినప్పుడు పెడల్ మెత్తబడుతుంది. 2 ఏళ్లకోసారి మార్చడం మంచిది. సంతకం పెట్టే ముందు ఒక్కో లైనూ చదివి, ‘ఇది మాన్యువల్‌లో ఉందా?’ అని అడిగితే లిస్టు దానంతటదే పొట్టిదవుతుంది.

చెక్ ఇంజిన్ లైటు దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించడానికి 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. చౌక బ్లూటూత్ స్కానర్ పెట్టినా ఫోన్లో కోడు కనిపిస్తుంది. కోడు చెప్పేది ఫిర్యాదు ఎక్కడుందో అంతవరకే, ఏ పార్టు మార్చాలో చెప్పదు. ఉదాహరణకి పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండట్లేదు. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిలా, ప్లగ్గా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరా, కంప్రెషన్ తగ్గిందా అన్నది అందులో లేదు. పని తెలిసినవాడు ఇంజిన్ ఆపి, ఒకటో సిలిండర్ కాయిల్‌ని రెండోదానికి, రెండోదాన్ని ఒకటికి మార్చి బిగిస్తాడు. కోడు చెరిపేసి కాసేపు తిప్పుతాడు. ఈసారి పీ0302 వచ్చిందా, కాయిల్‌తో పాటు జబ్బూ వెళ్లింది కాబట్టి కాయిలే పోయినట్టు. మళ్లీ పీ0301 అనే వస్తే కాయిల్ మంచిదే, ఇప్పుడు ప్లగ్గు అలాగే మార్చి చూడాలి. ఒక్క కొత్త పార్టూ కొనకుండా జబ్బు దొరుకుతుంది. లైటు వెలిగి ఉండటం వేరు, ఆరుతూ వెలుగుతూ కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుంటే బండి పక్కకి ఆపండి. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది, అది మార్చాలంటే కళ్లు తిరుగుతాయి. ఆ కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదనే పీ0420 కోడు వచ్చిందని చూడగానే కన్వర్టర్ మార్చాలనేవాణ్నీ నమ్మకండి. ముందు పొగ గొట్టంలో లీకు, ఆక్సిజన్ సెన్సర్, పాత మిస్‌ఫైర్ చూడాలి.

ఈ పని ఎవరికి? కోడు స్థిరంగా ఉంటే తెలివైన షెడ్డు చాలు. ఒకరోజు వచ్చి మరురోజు మాయమయ్యే లైటు, స్టార్టింగ్ సమస్య, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లయితే షోరూమ్. వైరింగ్ డయాగ్రమ్ లేకుండా వాటి వెంట పడితే మంచి వైర్లు కూడా తెగుతాయి.

కింద చప్పుళ్లకు ఆటోనగర్‌కే ఓటు. లోయర్ ఆర్మ్ బుష్ చిరిగితే చాలాసార్లు మేం ఆర్మ్ మొత్తం మారుస్తాం. అక్కడ పాత బుష్ కొట్టేసి ప్రెస్సు మీద కొత్తది ఎక్కిస్తారు. బాల్ జాయింటు కూడా ఆడుతుంటే మాత్రం మొత్తం మార్చడమే మేలు. పార్టు విషయంలో ఒక చిట్కా: కంపెనీ డబ్బాలో వచ్చేది చాలావరకు కంపెనీ తయారు చేసింది కాదు. బాష్, వాలియో, డెన్సో, లూకాస్ టీవీఎస్, రాణే లాంటివాళ్లు కంపెనీకి ఇచ్చే సరుకునే సొంత డబ్బాలోనూ అమ్ముతారు. అది కొనండి. ఊరూ పేరూ లేని డబ్బా, ‘సేమ్ క్వాలిటీ సార్’ అన్న మాట కలిసి వస్తే వెనక్కి ఇచ్చేయండి. జీఎస్టీ బిల్లు అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాలన్నిటికీ పన్ను 18 శాతమే కాబట్టి ‘బిల్లయితే 28 శాతం పడుద్ది’ అనే పాత పాట ఇప్పుడు చెల్లదు.

యాక్సిడెంట్ పని షోరూమ్‌లో. లేబర్ ఎక్కువే, అయినా క్యాష్‌లెస్, సర్వేయర్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ అంతా ఒక్కచోట తేలుతుంది. చిన్న గీతలు, సొట్టలకు క్లెయిమ్ పెట్టి నో క్లెయిమ్ బోనస్ పోగొట్టుకునే బదులు టింకరింగ్ షెడ్డుకెళ్లండి. వాళ్లు లోపల్నుంచి కొట్టి తీసే తీరు చూడముచ్చటగా ఉంటుంది.

వరద బండి సంగతి 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగాక సింగ్‌నగర్ వైపు వాళ్లందరికీ తెలిసొచ్చింది. నీళ్లు దిగాక ‘ఒకసారి చూద్దాం’ అని సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లో చేరిన నీరు నలగదు, వంగేది కనెక్టింగ్ రాడ్డు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకపోతే ఆ నష్టాన్ని మామూలు పాలసీ కట్టనంటుంది. బ్యాటరీ వైరు తీసి, ఫొటోలు తీసుకుని, టో చేయించి షోరూమ్‌కే పంపండి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తేలుస్తారు. ఆ లెక్క కాగితం మీద ఉండాలి కాబట్టి మా ఎస్టిమేటే పనికొస్తుంది.

ఏళ్లుగా ఆటోనగర్ తప్ప ఎరగని పాత కార్లవాళ్లు ఒక్క పనికి మాత్రం షోరూమ్‌ని తలుచుకోవాలి, అది రీకాల్, అంటే తయారీలో లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం. వారంటీ అయిపోయినా అది ఉచితం. టకాటా ఎయిర్‌బ్యాగుల ఇన్‌ఫ్లేటర్లు పేలినప్పుడు లోహపు ముక్కలు చిమ్ముతాయని తేలాక హోండా ఇక్కడ కూడా పాత సిటీ కార్ల లాంటివి వెనక్కి పిలిపించి వాటిని మార్చింది. చేతులు మారిన బండైతే కంపెనీ పంపే రీకాల్ ఉత్తరం కొత్త యజమానికి అందకపోవచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి చూసుకోండి.

యాప్‌లో బుక్ చేసే మల్టీబ్రాండ్ గ్యారేజీల సంగతికొస్తే, ధర ముందే చెప్తారు, ఇంటికొచ్చి తీసుకెళ్తారు. పని చేసేది మాత్రం ఏదో ఒక షెడ్డే. ఆ షెడ్డు మంచిదైతే మీరే నేరుగా వెళ్లొచ్చు.

ఎలక్ట్రిక్ కార్లకు ఈ లెక్కలేవీ ఇంకా పనిచేయవు. టైర్లు, అలైన్‌మెంటు, వైపర్లు బయట చేయించుకోండి. హై వోల్టేజీ కరెంటు పారే ఆరెంజ్ రంగు కేబుళ్ల జోలికి బయటివాళ్లని పోనివ్వకండి. ఏసీ గ్యాసుకి కూడా ఆటోనగర్ వద్దు. వాటి కంప్రెసర్ హై వోల్టేజీ మీద నడుస్తుంది, కరెంటు పారనివ్వని ప్రత్యేక ఆయిల్ దానికి కావాలి. పెట్రోల్ కార్లకు గ్యాసు పట్టే మెషీన్ గొట్టంలో మిగిలిన మామూలు ఆయిల్ కాస్త కలిసినా ఇన్సులేషన్ దెబ్బతిని బండి కదలనంటుంది.